ఒకే వైరు మీద రెండు రీడింగులు: ఏది నమ్మాలి?

ప్రశ్న: సంగారెడ్డి జిల్లాలో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. బీటెక్ ట్రిపుల్ ఈ చదివాను. ఈ మధ్య కూలింగ్ వాటర్ పంపుకి కొత్తగా వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) పెట్టారు. అప్పటి నుంచి దానికి సప్లై తెచ్చే కేబుల్ వేడెక్కుతోంది. మా స్టోర్‌లోని క్లాంప్ మీటర్‌తో చూస్తే 20.1 ఆంపియర్లు వచ్చింది. సర్వీసుకి వచ్చినాయన తన క్లాంప్‌తో అదే వైరు మీద, అదే సమయంలో చూస్తే 28.6. ప్యానెల్ మీదున్న పాత ముల్లు మీటరు ఇంచుమించు 28 చూపిస్తోంది కానీ దాన్ని ఎవరూ పట్టించుకోరు. "నీకు కొలవడమే రాదు" అని మా మేనేజర్ గారు అందరి ముందూ అనేశారు. ఇంకో విషయం. అదే కేబుల్‌లో వాడని కోర్ (లోపలి తీగ) ఒకటి ఉంది. రెండు వైపులా విప్పేసే ఉన్నా మల్టీమీటర్‌తో చూస్తే ఎర్త్‌కి 96 వోల్టులు చూపించింది. మా సీనియర్ ఎలక్ట్రీషియన్ అన్న "అది దొంగ వోల్టేజీలే, ఏం కాదు" అని కట్టర్‌తో చివర కత్తిరించేశాడు. నిజంగానే ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి ఏ మీటరు పట్టుకున్నా టెన్షన్‌గా ఉంటోంది. ఏ రీడింగ్‌ని నమ్మాలి? కొత్త మీటరు కొనమంటే ఏం చూసి కొనాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం:

మీకు కొలవడం వచ్చు. మీటర్లు కూడా పాడవలేదు. ఆ రెండు క్లాంపులూ కొలుస్తున్నది ఒకే విషయం కాదు, డిస్‌ప్లే మీద మాత్రం రెండూ ఆంపియర్లు అనే చూపిస్తున్నాయి. మీరు రాసిన మూడు అంకెల్లో నిజానికి దగ్గరగా ఉన్నవి సర్వీసాయన క్లాంపు చూపించిన 28.6, ఎవరూ పట్టించుకోని ఆ ముల్లు మీటరు చూపించిన 28. తప్పు చెప్పింది మీ స్టోర్‌లోని క్లాంపే. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను. ఇది అర్థమైతే మీ టెన్షన్‌లో చాలా భాగం పోతుంది.

ఏసీ కరెంటు క్షణక్షణం మారుతుంది కాబట్టి దాన్ని ఒక్క అంకెలో చెప్పాలంటే ఏదో ఒక లెక్క పెట్టుకోవాలి. మనం పెట్టుకున్నది ఆర్‌ఎమ్‌ఎస్. అంటే ఒక రెసిస్టెన్స్‌ని అంతే వేడి చేసే డీసీ కరెంటు ఎంతో, అంత. కేబుల్ వేడి గురించి ఆలోచించేటప్పుడు మనకి కావలసింది ఇదే. అయితే ఆర్‌ఎమ్‌ఎస్ కట్టాలంటే ప్రతి క్షణపు విలువనీ వర్గం చేసి, సగటు తీసి, వర్గమూలం కట్టాలి. దానికి మీటరు లోపల ప్రత్యేకమైన చిప్ కావాలి. అది ఉన్నవాటినే ట్రూ ఆర్‌ఎమ్‌ఎస్ మీటర్లు అంటారు, సర్వీసాయన క్లాంపు అలాంటిదే. తక్కువ ధర మీటర్లు ఆ ఖర్చు తప్పించుకోవడానికి ఒక దగ్గరి దారి పడతాయి: కరెంటుని రెక్టిఫై చేసి, సగటు తీసి, దాన్ని 1.11తో గుణించి చూపించేస్తాయి. ఈ 1.11 సైన్ వేవ్ లెక్క. సైన్ వేవ్‌కి ఆర్‌ఎమ్‌ఎస్ విలువ పీక్‌లో 0.707 వంతు, రెక్టిఫై చేసిన సగటు 0.637 వంతు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.11. వచ్చే కరెంటు సైన్ వేవే అయితే ఈ దగ్గరి దారిలో ఏ తప్పూ రాదు. సైన్ వేవ్ కానప్పుడు మాత్రం ఆ మీటరు అబద్ధం చెబుతోందని మనకి తెలిసే మార్గం ఉండదు. అంకె స్థిరంగా, నమ్మకంగా నిలబడి ఉంటుంది.

మీ వీఎఫ్‌డీ సప్లై నుంచి లాగే కరెంటు సైన్ వేవ్ కాదు. లోపలికి వెళ్లగానే ఆరు డయోడ్ల బ్రిడ్జి, దాని వెనక పెద్ద కెపాసిటర్ ఉంటాయి. కెపాసిటర్ వోల్టేజీ కన్నా లైన్ వోల్టేజీ పైకి లేచినప్పుడే డయోడ్లు కరెంటుని పోనిస్తాయి. మిగతా సమయమంతా ఆ ఫేజులో దాదాపు సున్నా. అందుకే వేవ్ ఆకారం చూపించే ఆసిలోస్కోప్‌లో చూస్తే ప్రతి అర్ధ చక్రంలో ఒంటె మూపుల్లాగా రెండు పొడుగాటి గుబ్బలు కనిపిస్తాయి, మధ్యలో ఖాళీ.

లెక్క సులువుగా ఉండడానికి ఆ గుబ్బల్ని నలుచదరం పల్సులు అనుకుందాం. 45 ఆంపియర్ల ఎత్తు, మొత్తం సమయంలో 40 శాతం మాత్రమే ప్రవాహం. సగటు 45 × 0.4 = 18. మీ స్టోర్ క్లాంప్ దాన్ని 1.11తో గుణించి 20 అంటుంది. అసలు ఆర్‌ఎమ్‌ఎస్ కట్టండి: 45ని 0.4 వర్గమూలంతో, అంటే 0.632తో గుణిస్తే 28.5. మీరు పంపిన రెండు రీడింగులూ దాదాపుగా ఇవే. అసలు గుబ్బలు ఇంత నలుచదరంగా ఉండవు కాబట్టి మీ దగ్గర 45 ఆంపియర్లే ఉన్నాయని అనుకోకండి. తేడా ఎక్కడి నుంచి పుట్టిందో చూపించడానికి ఈ లెక్క చాలు.

ఇక వేడి సంగతి. అది కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. 28.5 వర్గాన్ని 20 వర్గంతో భాగించి చూడండి, రెండు దాటుతుంది. అంటే 20 ఆంపియర్లే అనుకుని ఎవరైనా కేబుల్ సైజు ఖాయం చేసి ఉంటే, ఆ కేబుల్లో అనుకున్నదానికి రెట్టింపు వేడి పుడుతోంది. మీ ఫ్యాక్టరీలో అందరూ ఒకేసారి గట్టిగా పట్టించుకోవలసిన మాట ఇదీ.

ఆ ముల్లు మీటరు దగ్గరికి వద్దాం. దాని స్కేలుని దగ్గరగా చూడండి. మొదట్లో గీతలు ఇరుగ్గా ఉండి, పోనుపోను ఎడంగా ఉంటే అది మూవింగ్ ఐరన్ మీటరు. కాలేజీలో మీరు దాని టార్క్ సూత్రం రాసే ఉంటారు: ముల్లుని తిప్పే బలం కరెంటు వర్గానికి అనులోమంగా ఉంటుంది. కరెంటు వర్గం, దాని సగటు. ఆర్‌ఎమ్‌ఎస్‌కి కావలసింది అదే కదా! ఏ చిప్పూ లేకుండా, రెండు ఇనుప ముక్కలూ ఒక కాయిలూ ఆ పని చేస్తున్నాయి. మరీ ఎక్కువ ఫ్రీక్వెన్సీలు దానికి అందవు, కానీ మీ కేబుల్లో ప్రధానంగా ఉండే ఐదో, ఏడో హార్మోనిక్‌లు (50 హెర్ట్జ్‌కి ఐదు, ఏడు రెట్ల ఫ్రీక్వెన్సీలు) 250, 350 హెర్ట్జే. ప్యానెల్ మీటర్లు సాధారణంగా క్లాస్ 1.5 ఉంటాయి, అంటే తప్పు పూర్తి స్కేలులో 1.5 శాతం లోపు. స్కేలు 50 ఆంపియర్ల దాకా ఉంటే దాని తప్పు 0.75 ఆంపియర్ దాటకూడదు. కాబట్టి "ఇంచుమించు 28" అన్నది గౌరవించాల్సిన సాక్ష్యమే. పరీక్ష కోసం బట్టీ పట్టిన మూవింగ్ ఐరన్, రెక్టిఫైయర్ టైపు పాఠాలు ఇప్పుడు మీ ప్యానెల్ ముందు మీకు పనికొస్తున్నాయి. నాకు ఈ సబ్జెక్టు మీద ఇష్టం ఇందుకే. దయచేసి ఆ నోట్సు పారేయకండి.

మీ మేనేజర్ గారికి చెప్పడం కన్నా చూపించడం మేలు. వాదన వద్దు. రెండు క్లాంపులూ పట్టుకుని ముందు ఏదైనా హీటర్ వైరు మీద పెట్టండి. మీది ప్లాస్టిక్ ఫ్యాక్టరీ, బ్యారెల్ హీటర్లకి కొదవ ఉండదు. కాకపోతే థైరిస్టర్ కంట్రోలర్ కాకుండా మామూలు కాంటాక్టర్‌తో నడిచే హీటర్ చూసుకోండి. థైరిస్టర్ అయితే అక్కడా వేవ్ ముక్కలవచ్చు. తర్వాత డైరెక్ట్ స్టార్టర్‌తో నడిచే మోటారు మీద పెట్టండి. ఈ రెండు చోట్లా రెండు క్లాంపులూ దాదాపు ఒకే అంకె చూపిస్తాయి. ఆ తర్వాత అవే క్లాంపుల్ని, అదే మనిషి, వీఎఫ్‌డీ ఇన్‌పుట్ వైరు మీద పెట్టాలి. అక్కడ విడిపోతాయి. మనిషి మారలేదు, మీటర్లు మారలేదు, మారింది వేవ్ ఆకారమే. చూసేటప్పుడు ఒక్క కోర్ మాత్రమే దవడల్లో ఉండాలి, అది మధ్యలో ఉండాలి, దవడలు పూర్తిగా మూసుకోవాలి. ఈ మూడూ పాటిస్తే ఎవరూ వంక పెట్టలేరు.

ఆయన వెంటనే "మన క్లాంప్‌కి క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉంది కదా" అని అడగవచ్చు. ఉండవచ్చు, అది నిజాయితీగా ఇచ్చినదే కూడా కావచ్చు. ల్యాబులో మామూలుగా శుభ్రమైన 50 హెర్ట్జ్ సైన్ వేవ్ ఇచ్చి చూస్తారు. సైన్ వేవ్ దగ్గర మీ క్లాంప్ సరిగ్గానే చెబుతుంది, కాబట్టి పాసవుతుంది. వంకర వేవ్ దగ్గర అది ఏం చెబుతుందో ఆ సర్టిఫికెట్‌లో ఉండదు. సర్టిఫికెట్ రాగానే స్టిక్కర్ అంటించి ఫైల్లో పెట్టేయడం మన ఫ్యాక్టరీల్లో చాలా చోట్ల ఉన్న అలవాటు. ఏ వేవ్‌తో, ఏ రేంజులో, ఎంత తప్పుతో పాసయిందో చదివేవాళ్లు తక్కువ. మీరు చదవండి.

కేబుల్ వేడికి ఇదొక్కటే కారణమని మాత్రం తీర్మానించకండి. కేబుల్ పొడవునా ఒకేలా వెచ్చగా ఉంటే అది కరెంటు ఎక్కువై వచ్చిన వేడి. చివర లగ్ (కేబుల్ చివర బిగించే లోహపు ముక్క) దగ్గర మాత్రమే కాలిపోతుంటే అది వదులు జాయింట్, లేదా సరిగ్గా క్రింప్ చేయని లగ్. దానికి మందు వేరు. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూసేటప్పుడు ఒక జాగ్రత్త: మెరిసే రాగి లగ్ మీద అది చాలా తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే మెరిసే లోహం తన వేడిని ఆ గన్‌కి కనిపించేలా వెదజల్లదు. సప్లై ఆపిన రోజు లగ్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు చిన్న ముక్క అంటించి పెట్టుకుని, తర్వాత ఆ టేపు మీద గురి పెట్టండి. బిగించడానికి వీఎఫ్‌డీని విప్పేటప్పుడు, సప్లై తీసినా లోపలి కెపాసిటర్‌లో 580 వోల్టులకి పైగా డీసీ కాసేపు నిలిచి ఉండవచ్చు. లేబుల్ మీద రాసినన్ని నిమిషాలు ఆగి, డీసీ టెర్మినల్స్ దగ్గర మీటరుతో చూశాకే చెయ్యి పెట్టాలి. వేడి కరెంటు వల్లే అని తేలితే, వీఎఫ్‌డీ ముందు ఒక లైన్ చోక్ (సిరీస్‌లో పెట్టే కాయిల్) పెట్టించమని అడగండి. అది గుబ్బల ఎత్తు తగ్గించి వెడల్పు పెంచుతుంది. పంపు చేసే పని అంతే ఉంటుంది, కేబుల్లో ఆర్‌ఎమ్‌ఎస్ కరెంటు తగ్గుతుంది.

వీఎఫ్‌డీ రెండో వైపు, అంటే మోటారు వైపు, కథ తిరగబడుతుంది. అక్కడ కరెంటు దాదాపు సైన్ ఆకారంలోనే ఉంటుంది, మోటారు ఇండక్టెన్సే దాన్ని నునుపు చేస్తుంది. వోల్టేజీ మాత్రం వేల హెర్ట్జ్ వేగంతో తెగి తెగి వచ్చే పల్సులు. మామూలు మల్టీమీటర్ పెడితే డ్రైవ్ డిస్‌ప్లేలో ఉన్నదానికీ దీనికీ పొంతన కుదరదు. మోటారుకి పనికొచ్చే వోల్టేజీ తెలియాలంటే లో-పాస్ ఫిల్టర్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీలని వడకట్టేది) ఉన్న మీటరు కావాలి. ఇంకొకటి, పంపు వేగం తగ్గించినప్పుడు మోటారు కరెంటు కన్నా ఇన్‌పుట్ కరెంటు తక్కువ కనిపిస్తే కంగారుపడకండి. మోటారు మాగ్నెటైజింగ్ కరెంటు (అయస్కాంత క్షేత్రాన్ని నిలబెట్టేది) డ్రైవుకీ మోటారుకీ మధ్యే తిరుగుతుంది, అది సప్లై వరకూ రాదు. పైగా అవతల వోల్టేజీ తక్కువ, ఇవతల పూర్తి వోల్టేజీ. అది మీటరు తప్పు కాదు.

ఇప్పుడు 96 వోల్టుల కోర్. మీ ఎలక్ట్రీషియన్ అన్న చెప్పిన మాట బహుశా సరైనదే. చేసిన పని సరైనది కాదు.

పక్కన సప్లై ఉన్న కోర్‌కీ, విడిగా వేలాడుతున్న ఈ కోర్‌కీ మధ్య ఇన్సులేషన్ ఉంది. రెండు రాగి తీగలు, మధ్యలో ఇన్సులేషన్: అది కెపాసిటరే. అలాగే ఈ కోర్‌కీ ఎర్త్‌కీ మధ్య ఇంకో కెపాసిటర్. 230 వోల్టులు ఆ రెండింటి మధ్య పంచుకోబడి, మధ్యలో ఉన్న ఈ కోర్ మీద ఏదో ఒక విలువ నిలుస్తుంది. కెపాసిటెన్స్ 1 నానో ఫారడ్ అనుకుంటే 50 హెర్ట్జ్ దగ్గర దాని అడ్డు సుమారు 32 లక్షల ఓములు. డిజిటల్ మల్టీమీటర్ లోపలి రెసిస్టెన్స్ సాధారణంగా కోటి ఓములు, అంటే 10 మెగా ఓమ్. ఆ మీటరు లాగే కరెంటు అతి స్వల్పం కాబట్టి ఆ బలహీనమైన వోల్టేజీ అలాగే నిలబడి మీకు కనిపించింది. అదే చోట 3 కిలో ఓమ్‌ల రెసిస్టెన్స్ పెడితే పావు వోల్టు కూడా మిగలదు. కొన్ని మీటర్లలో లో-జెడ్ (మీటరు లోపలి రెసిస్టెన్స్ తగ్గించేది) అనే సెట్టింగ్ ఉండేది ఇందుకే.

చూశారా, మీటరు ఎప్పుడూ పక్కన నిలబడి చూసే సాక్షి కాదు, అది కూడా సర్క్యూట్‌లో ఒక భాగమైపోతుంది. దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెబుతాను. 10 వోల్టుల సప్లైకి 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు సిరీస్‌లో పెడితే మధ్యలో 5 వోల్టులు ఉండాలి. వోల్టుకి 20,000 ఓములున్న పాత అనలాగ్ మల్టీమీటర్‌ని 10 వోల్టుల రేంజులో అక్కడ పెడితే అది 200 కిలో ఓమ్ అయి, 4 వోల్టులే చూపిస్తుంది. కోటి ఓముల డిజిటల్ మీటరు 4.98 చూపిస్తుంది. ఎలక్ట్రానిక్ బోర్డు మీద ఎక్కువ రెసిస్టెన్స్ ఉన్న మీటరు మంచిది. కేబుల్ ట్రేలో సప్లై ఉందా లేదా తేల్చడానికి తక్కువ రెసిస్టెన్స్ మంచిది. ఏ మీటరు గొప్పదన్న ప్రశ్నకి జవాబు ఎక్కడ పెడుతున్నామన్నదాన్ని బట్టే.

మరి అన్న చేసింది ఎందుకు తప్పు? 96 వోల్టులు కెపాసిటెన్స్ వల్ల రావచ్చు. ఇన్సులేషన్ దెబ్బతిని లీకేజీ వల్లా రావచ్చు. ఎక్కడో ఇండికేటర్ ల్యాంపు గుండానో, రిలే కాయిల్ గుండానో తిరిగి వస్తున్న నిజమైన సప్లై కూడా కావచ్చు. ఆ డిస్‌ప్లే చూసి ఏదో చెప్పలేం. లో-జెడ్‌లో పెట్టగానే సున్నాకి దగ్గరగా పడిపోతే అది దొంగ వోల్టేజీ. కొంత పడి మధ్యలో నిలిస్తే, వెనక నిజమైన సోర్స్ ఉంది, వెతకాలి. పడకపోతే అది లైవే. లో-జెడ్‌లో చూడడానికి ముందు మీటరుని ఖచ్చితంగా సప్లై ఉన్న చోట పెట్టి పనిచేస్తోందని చూసుకోవాలి. తర్వాత ఆ కోర్ మీద చూడాలి. తర్వాత మళ్లీ సప్లై ఉన్న చోట చూడాలి. మధ్యలో ప్రోబ్ వైరు తెగినా మీటరు "సున్నా" అనే చెబుతుంది, ఆ సున్నాని నమ్మే మనుషుల ప్రాణాలు పోతాయి. ఇన్ని చూసి, ఆ కోర్‌ని ఎర్త్ చేసి, అప్పుడు కత్తిరించాలి. నియాన్ టెస్టర్ ఈ పనికి పనికిరాదు, దొంగ వోల్టేజీకి కూడా అది వెలగవచ్చు. హోల్డర్‌లో బల్బు పెట్టి చూసే పాత పద్ధతి కూడా తక్కువ రెసిస్టెన్స్ పనే చేస్తుంది, కానీ 230 వోల్టుల బల్బుని పొరపాటున రెండు ఫేజుల మధ్య పెడితే 415 వోల్టులకి పగిలి ముఖాన పడవచ్చు. అన్నతో ఈ మాటలు చెప్పేటప్పుడు ఆయన అంచనా సరైనదేనని ముందు ఒప్పుకుని తర్వాత చెప్పండి. అనుభవం ఉన్నవాళ్లు అలా అయితేనే వింటారు.

కొనే విషయానికి వస్తే, మొదట చూడాల్సింది ధర కాదు, ట్రూ ఆర్‌ఎమ్‌ఎస్ కూడా కాదు. మీటరు మీద క్యాట్ అన్న అక్షరాలూ, పక్కన రోమన్ అంకె మూడూ, 600 వోల్టులూ ఉండాలి. ఫ్యాక్టరీ ప్యానెళ్లకి ఆ స్థాయి కావాలి. దానర్థం 6,000 వోల్టుల క్షణికమైన దెబ్బ తగిలినా మీటరు మీ చేతిలో పేలకూడదు అని. ప్రోబ్‌లకి కూడా అదే రేటింగ్ ఉండాలి. మల్టీమీటర్ అయితే లోపల హెచ్ఆర్‌సీ ఫ్యూజ్ (పెద్ద షార్ట్ సర్క్యూట్ కరెంటుని కూడా పేలకుండా తెంపేది) ఉండాలి. ఆంపియర్ల సాకెట్‌లో ప్రోబ్ మర్చిపోయి వోల్టేజీ చూసేవాళ్లు ప్రతి ఫ్యాక్టరీలోనూ ఉంటారు, అది సూటిగా షార్ట్ సర్క్యూటే. ఆ తర్వాత ట్రూ ఆర్‌ఎమ్‌ఎస్. ఆ తర్వాత లో-జెడ్, లో-పాస్ ఫిల్టర్. డిస్‌ప్లేలో ఎన్ని అంకెలున్నాయన్నది చివర చూడండి.

అంకెలు ఎక్కువుంటే ఖచ్చితత్వం ఎక్కువని కాదు. స్పెసిఫికేషన్‌లో "రీడింగ్‌లో 2 శాతం, దానికి తోడు 5 అంకెలు" అని ఉందనుకోండి. 400.0 ఆంపియర్ల రేంజులో చివరి అంకె విలువ 0.1, కాబట్టి 5 అంకెలంటే అర ఆంపియర్. 200 ఆంపియర్లు కొలిస్తే తప్పు 4.5 ఆంపియర్లు, పెద్ద బాధ లేదు. అదే క్లాంప్‌తో 2 ఆంపియర్ల చిన్న ఫ్యాన్ మోటారు చూస్తే తప్పు 0.54, అంటే 27 శాతం! ఇంకో మీటరు కొనకుండానే దీన్ని తగ్గించవచ్చు. సప్లై ఆపి, ఆ ఒక్క కోర్‌ని ఇన్సులేషన్ దెబ్బతినకుండా దవడల్లోంచి పది చుట్లు తిప్పండి. చివర్లకి ఫెర్రూల్ (చిన్న లోహపు గొట్టం) వేసిన పొడవైన వైరు ముక్క సిరీస్‌లో పెట్టి దాన్ని చుట్టినా సరే. మీటరు 20 చూపిస్తుంది, పదితో భాగించుకోండి. అప్పుడు తప్పు 0.09 ఆంపియరే, 5 శాతం లోపు.